వెనక వరస

జూన్ 2

మా ఆయన పనిచేసే సూపర్ మార్కెట్‌కి వచ్చే నెల ఇరవై ఐదేళ్ళు. గుమ్మం దగ్గర స్టోర్ చరిత్ర బోర్డు పెడతారట. మొదటి రోజు నుంచీ ఉన్నది ఈయన ఒక్కరే కాబట్టి రాసిమ్మని కొత్త మేనేజర్ అడిగాడట. సరుకు సర్దడం తప్ప నాకు రాయడం ఎక్కడొచ్చు, ఇంటి పద్దులు రాసేది నువ్వేగా, ఇదీ నువ్వే రాసెయ్ అన్నారు. సరే అన్నాను.

జూన్ 5

ఇంతవరకు రాసింది: అప్పట్లో అది ఇనుప రేకుల గోడౌన్. ఊరు అక్కడితో ఆఖరు. బస్సు అక్కడే తిరిగి వెనక్కి వెళ్ళేది. పెద్దాయన, అంటే మొదటి ఓనరు, మూడు వరసల షెల్ఫులతో తెరిచాడు. తర్వాత చుట్టూ కాలనీలు లేచాయి. కోల్డ్ రూమ్ వచ్చింది, పార్కింగ్ వచ్చింది, పైకి మాత్రమే వెళ్ళే ఎస్కలేటర్ వచ్చింది. కొన్నవాడు దిగక ఎక్కడికి పోతాడు, వాడికి కరెంటు కూడానా అనేవాడట పెద్దాయన.

పెద్దాయన రూళ్ళు రెండు. ‘లేదు’, ‘అయిపోయింది’ అనే మాటలు షాపులో వినపడకూడదు. ఇంట్లో బియ్యానికి అన్నట్టే, నిండుకుంది అనాలి. రెండోది, సాయంత్రానికి ప్రతి ప్యాకెట్టూ షెల్ఫు అంచుకి లాగాలి. వెనక ఖాళీ అయినా ముందు కళకళలాడాలి. ఈయన ఇంట్లో డబ్బాలు కూడా అంచుకి లాగుతారు. పెళ్ళైన కొత్తలో నవ్వేదాన్ని.

పెద్దాయన పోయాక కొడుకులు షాపుని ఓ పెద్ద కంపెనీకి అమ్మేశారు. ఈ వాక్యం బోర్డుకి వద్దన్నారు ఈయన. కొట్టేశాను.

జూన్ 11

ఉప్పు కోసం షాపుకి వెళ్ళాను. ప్యాకెట్ తీస్తే దాని వెనక ఇంకోటి లేదు. పంచదార దగ్గరా, సబ్బుల దగ్గరా చెయ్యి పెట్టి చూశాను. షెల్ఫు రేకు చల్లగా తగిలింది. ముందు వరస మాత్రం దారం పట్టి సర్దినట్టుంది. ఆయన చేతి పనే.

ఆయన్ని అడగలేదు. ఆయన చెప్పలేదు. రాత్రి కూర బాగుందన్నారు. అందులో ఉప్పు వెయ్యడం మరిచిపోయాను.

జూన్ 12

అమ్మాయి ఫోన్. నాన్న ఎలా ఉన్నారంది. బాగానే ఉన్నారన్నాను.

జూన్ 16

బస్సులో క్యాషియర్ పిల్ల కలిసింది. మేనేజర్ కిందటి నెలాఖరున ఫోన్ చేసి స్టాక్ పొజిషన్ ఏంటని అడిగాడట. ఉప్పు నిండుకుందండీ, పంచదార నిండుకుందండీ, సబ్బులు నిండుకున్నాయండీ అని ఈయన వరసపెట్టి చెప్పారట. ఆ అబ్బాయి చిన్నప్పటి నుంచీ హాస్టళ్ళలో, ఇంగ్లీషులో చదువుకున్నవాడు. అన్నీ ఫుల్ అని రాసుకుని ఆర్డర్లు ఆపేశాడు. మధ్యలో వచ్చి చూసినా షెల్ఫులు నిండుగానే కనిపించాయట. లారీ లేటు, మామూలేగా అనుకుంటూ ఈయన ఉన్నదాన్నే అంచుకి లాగుతూ వచ్చారు. ముందు వరస కూడా ఖాళీ అయ్యాక గానీ సంగతి బయటపడలేదట.

అంకుల్‌కి నోటీసిచ్చారాంటీ, ఇరవయ్యో తారీకు హెడ్డాఫీసులో ఎంక్వైరీ, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో, మీకు చెప్పలేదా అంది.

చెప్పారన్నాను.

నవ్వు రావాల్సిన విషయమే. రాలేదు.

జూన్ 19, సాయంత్రం 6

నోటీసు సంగతి తెలుసన్నాను. షెల్ఫుల వెనక ఖాళీ నువ్వు చూసే ఉంటావని ఆ చప్పిడి కూర తిన్నప్పుడే అనుకున్నానులే అన్నారు.

తప్పు నాదే, ఇకమీదట ‘నో స్టాక్’ అంటాను అని రేపు ఒప్పుకుంటే వదిలేస్తారట. ఒప్పేసుకోండి అన్నాను. ఇన్నేళ్ళూ ఈ నోటితో లేదనలేదే, ఇప్పుడు వస్తుందా అన్నారు. అద్దం ముందు నిలబెట్టి అనిపించాను. ‘నో’ వచ్చింది. ‘స్టాక్’ దగ్గర ఆగిపోయారు. ఆ పిల్లకాయకి తెలుగు రాకపోతే తప్పు నాదెలాగే అన్నారు. అద్దంలో నన్నే చూస్తూ అడిగారు.

చొక్కా ఇస్త్రీ చేశాను.

జూన్ 20

మధ్యాహ్నమే వచ్చేశారు. చెప్పులు విప్పుతుంటే, ఏమైందన్నాను.

నిండుకుంది అన్నారు.

జూలై 8

చరిత్ర బోర్డు పెట్టారు. నేను రాసిందే. రూళ్ళు రెండూ తీసేశారు.

పొద్దున్నుంచీ ఆయన వంటింట్లో డబ్బాలు అంచుకి లాగుతున్నారు. నేను వెనక చెయ్యి పెట్టి చూడలేదు.