రంగం ఓడ

జూన్ 3
కేబుల్ వేయడానికి సముద్రం అడుగున తీసిన సోనార్ చిత్రాలు చూస్తున్నాను. పొద్దుటి నుంచీ ఇసుకే. పదకొండింటికి ఒక పొడుగాటి నీడ... మా టీమ్ లీడ్ యాదగిరి గారు వంగి చూశారు. "బండ గాదమ్మా గిది. ఓడ."

జూన్ 5
కొలతలు పాత రికార్డులతో సరిపోయాయి. రంగూన్ నుంచి వస్తూ తుఫానులో మునిగిపోయిన పాత ప్రయాణికుల ఓడ. ఇన్నేళ్ళూ ఎవరికీ దొరకలేదు.
అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఓడ పేరు మళ్ళీ చదివాను. రంగూన్‌కి కూలికెళ్ళిన అమ్మమ్మ వాళ్ళ నాన్న తిరిగొస్తూ ఎక్కాల్సిన ఓడ ఇదే.
"క్లయింట్ చెప్పేదాక ఇంట్ల గూడ చెప్పకు" — యాదగిరి గారు.

జూన్ 6
మణికొండలో ఇంటికి వచ్చేసరికి రాత్రి ఎనిమిది. అన్నం వడ్డిస్తుంటే అమ్మమ్మ మొహం చూడలేకపోయాను.
అప్పట్లో ఊళ్ళో అందరూ అన్నారట — ఆయన ఓడ ఎక్కనే లేదు, రంగంలోనే ఇంకో సంసారం పెట్టాడని. రంగూన్‌ని అమ్మమ్మ ఇప్పటికీ రంగమనే అంటుంది. ఆవిడ తల్లి ఊరివాళ్ళన్న ఆ మాటనే పట్టుకుని బతికింది. ఎవరితోనో ఒకరితో... ప్రాణంతో ఉన్నాడు, చాలు. పోయేదాకా బొట్టు తీయలేదు.
అమ్మమ్మ మాత్రం తండ్రిని క్షమించలేదు.

జూన్ 8
చెప్పలేదు. ఇవాళ కూడా.

జూన్ 10
పాత ప్రయాణికుల జాబితా వచ్చింది. గదుల్లో వచ్చినవాళ్ళకి పేర్లున్నాయి, ఊళ్ళున్నాయి. డెక్ మీద కూర్చుని వచ్చిన కూలీలకి — ఒక అంకె. అంతే. మూడుసార్లు చూశాను.
యాదగిరి గారికి ముత్తాత సంగతి చెప్పేశాను. జాబితా తీసుకుని ఆయన కూడా ఒకసారి చూశారు. "చెప్పుకో తల్లీ ఇంట్ల. ఇగ నేనేమంట..."

జూన్ 11
చెప్పాను. అమ్మమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.
"మా నాన్న ఉన్నాడా అందులో?"
తెలీదు అమ్మమ్మా, పేర్లు రాయలేదు, అన్నాను.
"ఉంటే... ఇంటికొస్తున్నట్టే కదే."
ఒళ్ళో కాయలన్నీ కింద పడ్డాయి. ఏరుకోలేదు.

జూన్ 13
తండ్రికి తద్దినం పెట్టిస్తానంటోంది. అమ్మకి కోపం — "ఎక్కాడో లేదో తెలీకుండా తద్దినమేంటమ్మా?"
"తెలీకుండానే గదే ఎనభయ్యేళ్ళు తిట్టేను."


జూన్ 16
వచ్చే నెల కెమెరా దింపుతారట. ఏం కనిపిస్తుంది... తుప్పు, ఇనుము. మనుషులెందుకు కనిపిస్తారు.
మధ్యాహ్నం అమ్మమ్మ ఆఫీసుకి ఫోన్ చేసింది. ఎప్పుడూ చెయ్యదు.
"ఎక్కేడనే అనుకోనా?"
అవునంటే ఆయన్ని నేనే ముంచినట్టు. కాదంటే — మళ్ళీ ఆ కోపంలోకే ఆవిడని పంపినట్టు.
ఆవిడ ఫోన్ పెట్టెయ్యలేదు. నేనూ పెట్టలేదు.