ఎక్స్‌రేకి దొరకని పుండు

లిన్‌షియన్ ఆసుపత్రి

రూయిజెన్, ప్రభువు నీ గుమ్మం కాయుగాక.

ఎక్స్‌రేలో నా ఆహారనాళం శుభ్రంగా ఉందని సంఘమంతా స్తుతులు పాడుతోంది గదా, ఆపించు. ఇక్కడ వల తొడిగి దారం కట్టిన బుడగ మింగించి పైకి లాగితే, దాని వలకు అంటిన తడిలో క్యాన్సర్ కణాలు దొరికాయి.

"అయితే ఎక్స్‌రే అబద్ధమాడిందా?" అని గద్దించాను.

"అరవకండి బోధకుడుగారూ, ఆ గొంతుకే ఎసరు! ఎక్స్‌రేకి కనబడేది నీడ. ఇంత చిన్న పుండుకు నీడెక్కడిది?" అంది డాక్టరమ్మ. తర్వాత గొట్టం దించి గిల్లిన ముక్కలోనూ అదే తేలింది. ఇద్దరు సాక్షులు ఏకమయ్యారు, ఇక తీర్పు నిలిచినట్టే. సోమవారం ఆపరేషన్. భయపడకు, తొలి దశేనట.

ఊరవేసిన ఆకుల కుండ పారబొయ్యి, ఈ రోగానికి ఆ తిండీ ఒక కారణమట. మీ అమ్మ కూడా పోయినేటి ఎక్స్‌రేనే నమ్ముకుని కూర్చుంది. ఆమెకు ఆవిరి రొట్టె దిగుతోందా, గంజేనా? ఏదైనా సరే, వెంటనే తీసుకురా. నా పక్క మంచం నిన్న ఖాళీ అయింది. ప్రభువు ఆమె అడుగులను తొందరపెట్టుగాక.

నీ షౌదావ్