లీటరు బొరుగులు ఎనభై గ్రాములే

దిబ్బలపాలెం,
12-6-1962

మహారాజశ్రీ తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరు వారి సముఖమునకు, దిబ్బలపాలెం కాపురస్థుడు, తెప్ప మీద చేపలు పట్టి బతుకువాడు, అయిదో తరగతి తప్పినవాడు అయిన చెంచురామయ్య వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: గంగమ్మ తల్లి బొరుగులకు నీళ్ల లెక్కన తూకం కట్టినందున మా తెప్పలు పన్నెండు రోజులుగా ఒడ్డుననే ఉండిపోవుట, సదరు తూకం సవరించి కొత్త స్లిప్పు దయచేయించుట గురించి.

1. తోటపల్లి గూడూరుకు తూర్పున, సముద్రపు ఒడ్డున మా పల్లె ఉన్నది. అరవై గడప, మూడు వందల ప్రాణం, నలభై తెప్పలు. ఏటా జాతర నాడు గంగమ్మకు అయిదు తూముల బొరుగులు కొలిచి పోసి, వాటిని ఊరంతా ఆ రోజే తిని, మర్నాడు తెప్పలు నీళ్లలోకి దించుట ఆచారం. కొలిచి పోసినవి చివరి గింజ వరకు మనుషులే తినవలెను. పారబోయరాదు, పశువులకు పెట్టరాదు. అవి మిగిలి ఉండగా తెప్ప కదలరాదు. తెప్ప తడవందే ఊళ్లో చేప ఉడకరాదు. మా తాతల నాటి నుంచి ఒక్క రోజులో అయిపోయే పని గనుక ఈ నిబంధనల వల్ల ఎవరికీ ఇబ్బంది కలిగి ఉండలేదు.

2. జాతరకు వారం ముందు, అమ్మవారికి ఆ యేటి కొలత విన్నవించే రోజున, తమ కచేరీ గుమాస్తా కామాక్షయ్య గారు మా పల్లెకు విచ్చేసి, పాత కొలతలు రద్దయినవని చెప్పి మా ఇనుప తూమును జప్తు చేసినారు. ఇకమీదట అన్నీ కిలోలేనన్నారు. అయిదు తూములంటే ఎన్ని కిలోలని మేము అడిగినాము. వారు ఒక లీటరు డబ్బాతో మా తూమును నీళ్లు పోసి కొలిచి డెబ్బై రెండు లీటర్లని తేల్చినారు. పిమ్మట డబ్బాడు బావి నీళ్లు త్రాసులో పెట్టి చూపించగా సరిగ్గా కిలో తూగినది. మేమందరం ముక్కున వేలేసుకున్నాము. వారు అక్కడే స్లిప్పు వ్రాసి ముద్ర వేసినారు: "5 తూములు = 360 లీటర్లు = 360 కిలోలు."

మా మేనమామ మస్తానయ్య చదువు లేనివాడు గనుక అనుమానం వచ్చి, "నీళ్లూ బొరుగులూ ఒకటేనా సామీ?" అని అడిగినాడు.

"గవర్నమెంటుకు అన్నీ ఒకటే," అన్నారు కామాక్షయ్య గారు.

3. ఊళ్లో చదవను వచ్చినవాణ్ణి నేనొక్కడినే. ఆ స్లిప్పును అమ్మవారి ఎదుట గొంతెత్తి చదివినది నేనే. పూనకంలో ఉన్న పేరమ్మవ్వ నోట అమ్మవారు "సరే" అన్నది. అమ్మవారు సరే అన్నాక ఒక్క గ్రాము తగ్గించే అధికారం మా ఊళ్లో ఎవరికీ లేదు. ముద్ర వేసిన కచేరీకి ఉంటుందని మా ఆశ. "చదివినోడివి నువ్వే గదరా, అనుభవించు," అని ఊరంతా నన్నే తిడుతున్నారు. నేను చదివినానే గాని లెక్క కట్టలేదని ఎంత మొత్తుకున్నా వినేవాడు లేడు.

4. ఏటా నాలుగిళ్ల బియ్యంతో అయ్యే పనికి ఈసారి అరవై ఇళ్ల బియ్యం పోసినాము. ఆడవాళ్లు వారం రోజులు ఇసుక కాచి వేయించినారు. బొరుగులు పెరుగుతున్నాయి గాని తూకం పెరగలేదు. వలల పాక నిండినది, బడి నిండినది, పిల్లలకు సెలవు ఇచ్చినారు. మా తూము మా దగ్గరే ఉంటే అరవై రెండున్నర తూములయ్యేవి, అనగా మూడు పుట్లకు పైమాట. జాతర నాటి సాయంత్రం సముద్రపు గాలికి పాక తడిక ఊడి బొరుగులు ఊరి మీద లేచినవి. వలలు వేసి పట్టుకున్నాము. ఈ పన్నెండు రోజుల్లో మా వలలకు చిక్కినది అదొక్కటే.

5. ఆనాటి నుంచి తింటున్నాము. బెల్లంతో తిన్నాము, ఉల్లిపాయతో తిన్నాము, మజ్జిగలో తిన్నాము, ఇప్పుడు ఉత్తవే తింటున్నాము. పళ్లు లేని మా అమ్మ ఆదిశేషమ్మ నీళ్లలో నానబెట్టి, కళ్లు మూసుకొని మింగుతున్నది. ఇళ్లలో వండుకొనుటకు బియ్యం లేవు, అవే ఇవి. నేటికి రెండు వందల కిలోలు తిన్నాము. నూట అరవై ఉన్నవి. చుట్టాలను పిలిచినాము. మొదటి రోజు వచ్చినారు.

6. కామాక్షయ్య గారు మరిచిపోయిన లీటరు డబ్బా నా వద్ద భద్రంగా ఉన్నది. దానితో నేను స్వయంగా పరీక్షించిన వివరం: లీటరు బియ్యం ఎనిమిది వందల గ్రాములు. లీటరు బొరుగులు అదిమి పోస్తే తొంభై అయిదు, వదులుగా పోస్తే డెబ్బై అయిదు, ధర్మంగా పోస్తే ఎనభై. లీటరు సముద్రపు నీళ్లు కిలో మీద ఇరవై అయిదు గ్రాములు. అయ్యా, నీళ్లయి ఉండి కూడా మా సముద్రమే తమ లెక్కకు లొంగలేదు. బొరుగులు ఎట్లా లొంగుతాయి?

ఇందుకు కారణం సాంద్రత అని గూడూరు మేష్టరు జీవానందం గారు సెలవిచ్చినారు. వస్తువు బరువును అది పట్టిన చోటుతో భాగిస్తే వచ్చేది సాంద్రత అట. మేము ఇంతకాలం దానిని గుల్లతనం అనుకొనేవాళ్లము. ఏ వస్తువు గుల్లతనం దానిదే. కావున మూడు వందల అరవై లీటర్లను ఎనభై గ్రాములతో హెచ్చవేయగా ఇరవై ఎనిమిది కిలోల ఎనిమిది వందల గ్రాములు. ఆ లెక్కన అమ్మవారి బాకీ మొదటి రోజు రాత్రికే తీరిపోయినది. మిగతాదంతా మేము తిన్నది తమ కచేరీ లెక్క.

7. అయ్యా, ఇక అసలు సంగతి. నెత్తళ్లు వచ్చి ఉన్నవి. ఒడ్డున నిలబడితే కనిపిస్తున్నవి. పక్క పల్లె వాళ్లు మా ముందే పట్టుకొని పోతున్నారు, పోతూ పోతూ "బొరుగులు బాగున్నాయా అన్నా?" అని అడుగుతున్నారు. వారం పోతే నెత్తళ్లు ఉండవు. ఎండకు తెప్పల దుంగలు నెర్రెలు బారుతున్నవి.

నా భార్య చెంచమ్మకు ఏడేళ్ల తరువాత కడుపు పండినది. నాలుగో నెల. ఈ ఏడేళ్లలో ఆమె నన్ను ఏదీ అడిగి ఎరుగదు. ఇప్పుడు నెత్తళ్ల పులుసు అడిగినది. "రోంత పులుసు చాలు, ముక్కలు కూడా వద్దులే," అంటున్నది. చూలాలి కోరిక తీరకపోతే బిడ్డకు చెవి కారుతుందని మా అమ్మ రోజూ గుర్తు చేస్తున్నది. చేపలు పట్టేవాణ్ణి అయివుండి, సముద్రం ఎదురుగా పెట్టుకొని, నేను ఆమెకు పొద్దున బొరుగులు, సాయంత్రం బొరుగులు పెడుతున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను దొరా.

కావున తమరు దయయుంచి, "5 తూముల బొరుగులు = 28 కిలోల 800 గ్రాములు" అని అదే ముద్రతో ఒక స్లిప్పు దయచేయించవలెను. దానిని కూడా నేనే అమ్మవారి ముందు చదివెదను. ఈసారి ముందుగా లెక్క చూసుకొని చదివెదను. మా తూమును కూడా తిరిగి ఇప్పించవలెను. దానితో ఏమీ కొలవము, ఊరికే ఇంట్లో పెట్టుకొందుము.

పై సంగతులను, గింజలనే కాక గుల్లను కూడా దయతో తూచి, చిత్తగించవలెను.

తమ విధేయుడు,
చెంచురామయ్య

మరిచిపోయిన సంగతి: ఈ అర్జీ వ్రాస్తుండగా పేరమ్మవ్వకు మళ్లీ పూనకం వచ్చి, "కొలిచినోడు కూడా తినాల," అన్నది. కావున తమ కచేరీ భాగం కింద రెండు బస్తాలు వెంట తెచ్చినాము. బస్తాలు నిండుగా, నా నడుమెత్తున ఉన్నవి. చూసి జడుసుకోవద్దు. వాటిని చెంచమ్మ మోసుకొస్తున్నది, చేతికొకటి చొప్పున. చూలాలు బస్తా ఎత్తుతున్నదే అని తమరు కంగారుపడి కుర్చీలోంచి లేస్తారేమో, లేస్తే లేచినారు గాని, ఆమె చేతిలోంచి ఒకటి అందుకొని చూడండి. అందుకున్నాక ఈ అర్జీ చదవనక్కరలేదు. పొద్దుగూకకముందే స్లిప్పు ఇస్తే చాలు.