విన్నవాళ్లకే మైల

ఫిబ్రవరి 13, ఉదయం 9.20. గార్డెన్ రీచ్

రంగూన్‌లో మా పెదనాన్న పోయిన సంగతి, ఆయనకు వదిన వరసైన అప్పమ్మ పెద్దమ్మకు చెప్పాను. ఆదివారం ఆమె మనవరాలు సత్యవేణి పెళ్లి. మాది ఒకే ఇంటిపేరు, దగ్గర జ్ఞాతులం. ఇక్కడ చావు కబురు వింటే, పోయిన నాటి నుంచి పదో రోజుదాకా మైల. శుభకార్యం ఆగిపోతుంది. రంగూన్‌లో మేం మూడు రోజులే మైల పడతాం. ఆయన పోయింది 9న. నాకది ముగిసిన వార్త.

బెంగాల్‌లోని ఈ పోర్టు మీద మా రంగూన్ పత్రికకు స్టోరీ రాయడానికి వచ్చాను. వీళ్లకు అక్కడి కబుర్లు చేరేది నా ద్వారానే.

ఇంట్లో అప్పటికి మేమిద్దరమే. ఆమె తలుపు మూసి, ఇంకెవులికైనా సెప్పినావేటి బాబూ అని అడిగింది. లేదన్నాను. అయితే నోరు మూసుకో అంది.

సాయంత్రం

పెళ్లికొడుకు ఢిల్లీశ్వరరావు సీమన్. 18న ఓడెక్కితే తొమ్మిది నెలలు రాడు. సత్యవేణి తండ్రి కూర్మయ్య అన్న డాక్‌లో కాలు విరగ్గొట్టుకున్నప్పుడు ఈ పెళ్లి ఒకసారి వాయిదా పడింది. ఇంకోసారి అంటే సంబంధం వదులుకుంటామని అటువాళ్లు ముందే చెప్పారట.

ఫిబ్రవరి 14

ఇండియా రావడం ఇదే మొదలు. పాస్‌పోర్టు ప్రకారం పరాయి దేశం. ట్రాఫిక్ మాకు ఎదురు వైపు నడుస్తుంది. రెండుసార్లు బస్సు కింద పడబోయాను. మట్టి కప్పులో టీ తాగి కప్పు తిరిగిస్తే కొట్టువాడు నవ్వాడు. పారేయాలట. బోర్డుల మీది బెంగాలీ ఒక్క అక్షరం రాదు. గల్లీలోకి తిరిగితే మా అమ్మ మాట్లాడిన తెలుగు.

పెద్దమ్మ వెనక గదిలో చాప వేసుకుంది. అందరికీ మోకాళ్ల నొప్పి అని చెప్పింది. నాతో మాత్రం, మైల ఇన్నోలికి గానీ ఇంటికి కాదు, మనిద్దరం పట్టేద్దాం అంది. పంతులు ఒప్పుకుంటాడా అన్నాను. వద్దంటాడు, అందుకే అడగనేదు అంది.

ఫిబ్రవరి 15

నలుగు. మొదటి చెయ్యి నానమ్మే వెయ్యాలని సత్యవేణి వచ్చి వెనక గది గుమ్మంలో కూర్చుంది. పెద్దమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. పిల్ల నా దగ్గరికొచ్చి, బాబాయ్, నానమ్మకి ఆయన నచ్చనేదా, నువ్వు రిపోర్టర్‌వి గదా, నిజం సెప్పు అంది. మోకాళ్లన్నాను. ముప్పై ఏళ్లలో, రూఢి అయిన వార్త ఆపడం ఇదే మొదలు.

తర్వాత పెద్దమ్మ ఒక్కటే అడిగింది. సివర్లో బాధ పడ్డాడా అని. నిద్రలోనే పోయాడన్నాను. తన పెళ్లికి రంగూన్ నుంచి ఓడలో వచ్చిన తోడిపెళ్లికొడుకు ఆయనేనట.

ఫిబ్రవరి 16, ఉదయం 8.30

కడుపు బాగోలేదని సాకు చెప్పి, పెళ్లికి వెళ్లకుండా నేనూ ఇంట్లో ఆగిపోయాను. రోడ్డు మీద పానీపూరీలు, ఈ ఫుచ్కాలు తినొద్దంటే ఇన్నావా, నీకిచ్చినారు గానీ నీ కడుపుకి వీసా ఇవ్వనేదు అన్నాడు కూర్మయ్య అన్న. సత్యవేణి వంగి నానమ్మ కాళ్లకు దణ్ణం పెట్టబోతే, ఆమె కాళ్లు చీర కిందికి లాక్కుంది. పిల్ల ఏడుస్తూ కారెక్కింది.

10.50

తాళి కట్టాడు. వీడియో కాల్‌లో చూశాం. పెద్దమ్మ చెయ్యి అక్షింతలు వేస్తున్నట్టు కాస్త లేచి, ఒడిలో పడింది.

18న ఓడ. 19 ఉదయం ఆరింటికి మేమిద్దరం గంగలో మునగాలి. పది రోజులు దాటాక వింటే మిగతావాళ్లకు స్నానంతో సరి. ఇంటికొచ్చాక కబురు నేనే చెప్పాలి, ముందు సత్యవేణికి. పెద్దమ్మ అప్పుడే విన్నట్టు ఏడుస్తుంది.