గడపలో ఉప్పు

జొంజు,
ఫిబ్రవరి 19, మంగళవారం.

చిరంజీవి మున్‌సుకు,

ప్రభువు నీ రాకపోకల్లో తోడుండాలని కోరుతూ అమ్మ రాస్తున్నది.

నువ్వు సైన్యంలో చేరాక నీకు నాలుగు ఉత్తరాలు రాశాను. నాలుగింటిలోనూ చలి గురించి, కిమ్చీ ఊరగాయ గురించి, మీ నాన్న మోకాలి నొప్పి, నీ నడుము నొప్పి గురించి తప్ప ఏమీ లేదు. అవి రాయడం కష్టమనిపించలేదు. ఇది మాత్రం మూడు నెలలుగా రాయలేకపోయిన ఉత్తరం. నిన్న మన కొట్టు గడపలో ఉప్పు పడింది. చల్లింది నేనే. అందుకని ఇవాళ ఎలాగైనా రాయాలని కూర్చున్నాను. తొందరపడి చివరి పేజీ చూడకు. వరసగా చదువు.

దేవుని దయవల్ల ఇక్కడ అందరం క్షేమం. మీ నాన్న ఎప్పటిలాగే తెల్లవారుజామున నాలుగింటికి లేచి చారు పొయ్యి మీద పెడుతున్నారు. చలికి మొలకల చారన్నం బాగా అమ్ముడవుతోంది. నేను అయిదు గంటల ప్రార్థనకు ప్రభువు గుడికి వెళ్ళి వచ్చి గిన్నెలు తోముతున్నాను. నీ నడుము ఎలా ఉందని అడిగితే "బాగానే ఉంది" అని ఒక్క ముక్క రాశావు. నువ్వు ఆరేళ్ళ వాడివిగా ఉన్నప్పటి నుంచి నేను నమ్మని మాట అదొక్కటే. సరిహద్దులో రోజూ మంచు పారతో ఎత్తుతున్నామని కూడా అదే ఉత్తరంలో రాశావు. ఆ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టుకుని ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు.

నా స్కేట్లు తుడుస్తున్నావా అని అడిగావు. ప్రతి ఆదివారం తుడుస్తున్నాను. బ్లేడ్లకు నూనె రాసి, పాత తువ్వాలులో చుట్టి, బియ్యం డబ్బా పక్కన పెట్టాను. తుప్పు పట్టలేదు.

పోటీ ఎలా జరిగిందని అడిగావు. నీకు రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. అడిగావు కాబట్టి రాస్తాను. మన ఊళ్ళో నాలుగు ఖండాల ఫిగర్ స్కేటింగ్ పోటీ అనేసరికి ఊరంతా జెండాలు కట్టారు. మన కొట్టులో రోజూ అదే చర్చ. టాక్సీ నడిపే నామ్ తాత ఒక పొద్దున "మిగిలిన ఖండం ఏం పాపం చేసిందిరా?" అని అడిగాడు. మీ నాన్న గరిటె ఆపకుండా "యూరప్ వాళ్ళకి వాళ్ళ పెళ్ళి వాళ్ళకుంది. వాళ్ళు పిలవని వాళ్ళందరం కలిసి చేసుకునే పెళ్ళి ఇది" అన్నారు. అందరూ నవ్వారు. మీ నాన్న మాత్రం నవ్వలేదు. ఆ పెళ్ళిలో తన కొడుకు లేడు కదా. ఆయన మంచు రింకు వైపు కూడా వెళ్ళలేదు. ఆ వారమంతా కొట్టులో టీవీ మీద గుడ్డ కప్పి ఉంచారు.

నేను వెళ్ళాను. గుడి నుంచి మా ఆడవాళ్ళని సేవకు పిలిచారు. నన్నూ, కాంగ్ అక్కనీ ఆటగాళ్ళ గది దగ్గర సూదీ దారం ఇచ్చి కూర్చోబెట్టారు. బట్టలు చిరిగితే కుట్టడం, బార్లీ టీ పోయడం మా పని. పిల్లలు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ఒక అబ్బాయి, నీ అంత పొడుగు ఉంటాడు, అరచేతికి కట్టుతో వచ్చి నా ముందు నిలబడ్డాడు. విప్పుకున్న స్కేట్ల లేసులు చూపించాడు.

"ఇతనిది ఏ దేశం అక్కా?" అన్నాను.

"నాలుగు ఖండాల్లో ఏదో ఒకటిలే. దేశం తెలిస్తేనే కడతావా? ముందు కట్టు" అంది కాంగ్ అక్క.

మోకాళ్ళ మీద కూర్చుని కట్టాను. వేళ్ళ దగ్గర వదులుగా, మడమ వంపు దగ్గర ఊపిరి బిగబట్టి లాగి, పైన మళ్ళీ కాస్త వదులుగా. నా చేతులకు అది అలవాటే. అతను వంగి దండం పెట్టి వెళ్ళిపోయాడు. నేను లేవలేకపోయాను. కాంగ్ అక్క నా మోకాళ్ళు పట్టేశాయనుకుని చెయ్యి అందించింది.

నీ బదులు చాన్‌గు ఆడాడు. పదిహేడేళ్ళ పిల్లాడు, భయపడ్డాడు. రెండుసార్లు పడ్డాడు. అయినా మనవాళ్ళు చప్పట్లు ఆపలేదు. మంచు బాగుందని అందరూ అన్నారు. నీకు తెలుసుగా, నేనెప్పుడూ నీ ఆట కళ్ళతో చూడలేదు. నడవాలో గోడకి ఆనుకుని, బ్లేడు మంచు మీదికి దిగే చప్పుడు విని నువ్వు నిలబడ్డావో పడ్డావో తెలుసుకునేదాన్ని. ఈసారి కూడా అలవాటుగా నడవాలోకి వెళ్ళి నిలబడ్డాను. నా కొడుకు లోపల లేడన్న సంగతి కాసేపటికి గుర్తొచ్చింది.

నీకు ఆట నేర్పిన ప్యో మాస్టారు కూడా వచ్చారు. పై వరసలో ఒక్కరే కూర్చున్నారు. ఆయనకు అటూ ఇటూ నాలుగు కుర్చీలు ఖాళీ. ఊళ్ళో వాళ్ళు కావాలనే వదిలారు. "పిల్లాడి బతుకు పాడుచేసి ఏం ముఖంతో వచ్చాడో చూడు" అంది కాంగ్ అక్క, ఆయనకు వినబడేలాగా. నేను ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం నాకు బాగా వచ్చు.

పోయిన ఉత్తరంలో నువ్వు రాసింది నాకు కంఠస్థం అయిపోయింది. "మాస్టారి ఉత్తరం విప్పకుండానే తిప్పి పంపేశాను. సైన్యం పిలుపును వాయిదా వేయించే కాగితం ఒక్కటి సమయానికి ఇచ్చి ఉంటే పోటీ అయ్యాకే సైన్యంలో చేరేవాణ్ణి. మన ఊళ్ళో, మన మంచు మీద ఆడేవాణ్ణి. నాదే పొరపాటని ఆయనే ఫోన్లో ఒప్పుకున్నాడు. బతికుండగా ఆయన ముఖం చూడను." ఇదీ నువ్వు రాసింది. మీ నాన్న స్కేటింగ్ సంఘానికి ఫిర్యాదు పెట్టారు. మాస్టారి దగ్గర నేర్చుకునే పదకొండు మంది పిల్లల్లో ఎనిమిది మంది మానేశారు. ఈ నెలాఖరుకు రింకు వాళ్ళు ఆయన్ను పంపేస్తున్నారు.

నిన్న పదకొండు గంటలప్పుడు, కొట్టులో జనం పలచబడ్డాక, ఆయన వచ్చారు. చేతిలో చిన్న మూట.

"ఎవరు రమ్మన్నారయ్యా నిన్ను?" అన్నారు మీ నాన్న.

"మున్‌సు పాత బ్లేడ్లు నా దగ్గర ఉండిపోయాయి. ఊరు వదిలి పోతున్నాను. ఇచ్చి పోదామని."

"కాగితం ఇవ్వడానికి తీరిక దొరకలేదు గానీ ఇనప ముక్కలు ఇవ్వడానికి దొరికిందా?"

నామ్ తాత చెంచా పట్టుకుని "ఇంత చలిలో వచ్చాడు, ఒక గిన్నెడు చారు తాగి వెళ్ళనీ" అన్నాడు.

"నీ గిన్నె నువ్వు ఖాళీ చెయ్యి తాతా. సిగ్గున్న వాళ్ళకే నేను చారు పోసేది."

మాస్టారు మూట బల్ల మీద పెట్టి, వంగి దండం పెట్టి, బయటికి నడిచారు. మీ నాన్న నా వైపు తిరిగి "ఇంకా చూస్తావేం? ఉప్పు చల్లు! ఆ అడుగు మళ్ళీ ఈ గడప తొక్కకూడదు" అన్నారు. మీ నాన్నకు ఇలాంటివి పట్టింపు. నేను ముప్ఫై ఏళ్ళుగా గుడికి వెళ్తున్న మనిషిని. ఇలాంటివి నమ్మను, చల్లనని అనాల్సింది. కిమ్చీకి వాడే రాళ్ళ ఉప్పు జాడీలో చెయ్యి పెట్టి, పిడికెడు తీసి చల్లాను. ఆయన ఇంకా ఎంతో దూరం పోలేదు. కొన్ని గింజలు ఆయన కోటు వీపు మీద పడ్డాయి. ఆయన వెనక్కి చూడలేదు.

మున్‌సూ, ఆ కాగితం ఆయన సమయానికే ఇచ్చారు. నాకే ఇచ్చారు.

అక్టోబరులో, వాన పడుతున్న గురువారం, సంఘం ముద్ర వేసిన కాగితాన్ని కవరులో పెట్టి రింకు దగ్గర నా చేతికిచ్చారు. "శనివారం మధ్యాహ్నం లోపల సైన్యం భర్తీ కార్యాలయంలో ఇచ్చెయ్యండి, అదే ఆఖరి రోజు" అని రెండుసార్లు చెప్పారు. శనివారం వెళ్ళాను. కార్యాలయం ఎదురుగా బస్సుల బెంచీ మీద కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పన్నెండు కొట్టింది. గుమాస్తా వచ్చి తలుపు వేసుకున్నాడు. నేను చూస్తూ కూర్చున్నాను.

దానికి ముందు వారం నువ్వు వంగి లేసులు కట్టుకోలేకపోయావు. ఇరవై ఒక్క ఏళ్ళ వాడికి నేను మోకాళ్ళ మీద కూర్చుని కట్టాను. నువ్వు బెంచీ అంచు పట్టుకుని "పోటీ దాకా చాలమ్మా. ఆ తర్వాత నడవలేకపోయినా పర్వాలేదు" అన్నావు. ఏడాది విశ్రాంతి తీసుకోకపోతే ఏమవుతుందో డాక్టరు నీకూ చెప్పాడు, నాకూ చెప్పాడు. వీణ్ణి ఆ మంచు మీంచి దింపు తండ్రీ అని ప్రార్థించాను. మర్నాడే, మగపిల్లలందరికీ తప్పని సైన్యం పిలుపు కాగితం నీకు వచ్చింది. జవాబు వచ్చిందనుకున్నాను. అక్కడి డాక్టర్లు నీ నడుము చూసి ఏదో కుర్చీ పని ఇస్తారనుకున్నాను. నీ చేతికి పార ఇస్తారని నాకు తోచలేదు.

ఇంకొకటి కూడా రాయాలి, లేకపోతే ఇది సగం నిజమే అవుతుంది. ఆ శనివారం ఇంటికి నడుస్తుంటే నాకు ఒళ్ళు తేలికయింది. పద్నాలుగేళ్ళ బస్సులు, పద్నాలుగేళ్ళ నడవాలు, గోడకి ఆనుకుని ఆ చప్పుడు కోసం చెవి పెట్టడం. ఇక అయిపోయిందనుకున్నాను. నీ నడుము కోసం చేశాను, నిజం. నా కోసం కూడా చేశాను.

వాయిదా పడలేదని తెలిసిన రోజు మీ నాన్న "ఆ ప్యో కాగితం ఇచ్చాడా, లేదా?" అని అరిచారు. నేను తల దించుకున్నాను. దాన్ని మీరిద్దరూ "లేదు" అని అర్థం చేసుకున్నారు. నేను ఒక్క అబద్ధం ఆడలేదు. నా మౌనమే నా బదులు ఆడింది. నువ్వు ఫోన్ చేసినప్పుడు ఆయన తప్పు తన మీద ఎందుకు వేసుకున్నారో నాకు నిన్నటి దాకా తెలియదు.

ఉప్పు చల్లాక మొలకలు తెస్తానని చెప్పి బస్సు ఆగే చోటికి పరుగెత్తాను. ఆయన అక్కడే ఉన్నారు. కోటు మీద ఉప్పు అలాగే ఉంది.

"మాస్టారూ, ఆ కవరు..."

"తెలుసమ్మా. పద్నాలుగేళ్ళలో ఒక్క బస్సు తప్పని మనిషి కవరు మరచిపోతుందా?"

"మరి ఎందుకు చెప్పలేదు?"

"వాడు లేసులు కట్టుకోలేకపోవడం నేనూ చూశాను. ఆపాల్సింది నేను. సొంత ఊళ్ళో పోటీ అని కళ్ళు మూసుకున్నాను. మీరు ఆపారు. బ్యారక్‌లో ఉన్న పిల్లాడికి తిట్టుకోవడానికి మాస్టారు చాలు. ఉత్తరం రాయడానికి అమ్మ ఉండాలి. ఇది ఇలాగే పోనివ్వండి."

నేను ఆయన కోటు దులపబోయాను. ఆయన వెనక్కి జరిగి "మంచు మీద బతికిన వాళ్ళకు ఉప్పంటే పడదులెండి" అని నవ్వారు. బస్సు వచ్చింది.

ఆయన దయ తలచారు. ఆ దయతో నాకు ఉన్న ఒక్క దారీ మూసుకుపోయింది. చెప్తే ఆయన మాట జవదాటినట్టు, నీకు అమ్మ లేకుండా చేసినట్టు. చెప్పకపోతే రోజూ ఆ గడప దాటాలి. రాత్రంతా అటూ ఇటూ తిరిగి, నాలుగు గోడల మధ్యే తెల్లారింది. ఇవాళ ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే దేవుడు కనబడలేదు. ఆ కోటు వీపు కనబడింది.

అందుకే రేపు గుడికి వెళ్ళను. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి. అయిదు గంటలకు మీ నాన్న పొయ్యి దగ్గర ఒక్కరే ఉంటారు. అప్పుడు చెప్తాను. తర్వాత ఇద్దరం సంఘానికి వెళ్ళాలి. ఆయన రాకపోతే నేనొక్కదాన్నే వెళ్తాను. నెలాఖరుకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. సైన్యంలో చేరి వంద రోజులైతే నీకు సెలవు ఇస్తారుగా, అప్పుడు ఇంటికి రాకముందు ప్యో మాస్టారి దగ్గరికి వెళ్ళు. ఆయన ఎక్కడికి మారినా చిరునామా కనుక్కుని పంపుతాను. ఆ తర్వాత మన ఇంటికి రావాలో వద్దో నీ ఇష్టం. నీ నడుము గురించి మాత్రం మీ డాక్టరుకు ఇవాళే చెప్పు. అది నన్ను క్షమించినా క్షమించకపోయినా చెయ్యాల్సిన పని.

ఈ పేజీలు చింపకు, దాచిపెట్టు. ముసలితనంలో నేను ఈ కథని నాకు నచ్చినట్టు మార్చి చెప్పుకోవడం మొదలుపెడితే, ఆనాడు ఏం రాశానో నీ దగ్గర ఉండాలి. ఎవరికీ చూపించకు. మీ నాన్నకూ, సంఘానికీ, మాస్టారికి కూడా. నా బదులు కాగితం మాట్లాడితే నేను మళ్ళీ తల దించుకున్నట్టే అవుతుంది. ఈసారి నోటితో చెప్పాలి.

ఇట్లు,
నీ లేసులు కట్టిన,
అమ్మ.