మొదటి ఐదు నిమిషాలు

జూన్ 2, సోమవారం

ఆమె పోయి ఏడు నెలల ఇరవై రెండు రోజులు.

మరదలు ఫోన్ చేసింది. అక్క అల్మరా ఇంకా అలాగే ఉందా అని అడిగింది. ఉందన్నాను. చెదలు బట్టలకే కాదు బావగారూ, మనుషులకీ పడతాయి అంది. ఆదివారం ఒక్క అర ఖాళీ చేస్తానని ఒప్పుకున్నాను. ఆవిడతో బేరమాడి గెలిచినవాడు లేడు.

మధ్యాహ్నం ల్యాబ్ క్లాసు. టైట్రేషన్, బ్యూరెట్ గొట్టంలోంచి చుక్కచుక్కగా వదలడం. సగం మంది ఎండ్ పాయింట్ దాటించేశారు. గులాబీ రంగు కనిపించాక కూడా ఇంకో చుక్క వేయకుండా ఉండలేరు.

జూన్ 8, ఆదివారం

ఒక అర ఖాళీ చేశాను. రెండు యూనిఫాంలు, థర్మామీటర్ డబ్బా, చేతికి కట్టుకునే గడియారం, ఒక నోటు పుస్తకం.

పుస్తకం క్లినిక్‌ది కాదు. మా ఆవిడ సొంతది. దిగువ కాలనీ క్లినిక్‌లో పంతొమ్మిదేళ్లు నర్సుగా చేసింది, ఇంటికి కాగితం ముక్క తెచ్చింది లేదు. ఇది తెచ్చింది. గళ్లు స్కేలుతో గీసింది. ఇంటి నంబరు. పిల్లల వయసు. ఐరన్ ఎన్ని వారాలు. చివరి గడిలో రెండు మూడు మాటలు.

“పన్నెండు వారాలు. మాత్ర నా ఎదుటే మింగింది. రంగు రాలేదు.”

“కడుపునొప్పి. పురుగుల మందు రెండుసార్లు. తగ్గలేదు.”

“నాలుగేళ్లు. చిరాకు. నిరుడు వచ్చిన మాటలు ఈ ఏడు తగ్గాయి.”

పద్నాలుగు ఇళ్లు. పద్నాలుగూ మూడో వీధివే. మొదటి వీధిలో ఒక్కటి లేదు, రెండో వీధిలో ఒక్కటి లేదు.

చివరి పేజీలో ఒకే ఒక్క వాక్యం. “నీళ్లా? ఆయన్ని మళ్లీ అడగాలి, పంపు ఎంతసేపు వదిలారో.”

ఆ “మళ్లీ” దగ్గర ఆగిపోయాను.

జూన్ 9, సోమవారం

అవును. అడిగింది.

జూన్ 10, మంగళవారం

రాసి పెట్టుకోవాలి. లేకపోతే నాకు అనుకూలంగా మర్చిపోతాను.

మా రసాయన శాస్త్ర సంఘంలో పదకొండు మందిమి. రెండో శనివారం హైస్కూలు ల్యాబ్‌లో కలుస్తాం. నేను కార్యదర్శిని. పిల్లలకి రంగులు మార్చే ప్రయోగాలు చూపిస్తాం, సబ్బు చేయడం నేర్పుతాం. మూడేళ్ల క్రితం మనమూ ఊరికి పనికొచ్చేది ఏదైనా చేద్దామనుకున్నాం. దిగువ కాలనీ నీళ్లలో సీసం ఉందేమో చూశాం. అక్కడివి పాత గొట్టాలు. ఆ రోజుల్లో సీసంతోనే వేసేవారు.

పద్ధతి ప్రకారమే చేశాం. పంపు తిప్పి ఐదు నిమిషాలు వదిలేయాలి, తర్వాతే బాటిల్ పట్టాలి. మాకు కాలేజీలో నేర్పింది అదే, నేను ముప్పై ఏళ్లుగా నేర్పుతున్నదీ అదే. చేయి దానంతట అదే చేస్తుంది. ఇంట్లో మంచినీళ్లు పట్టేటప్పుడు కూడా వదిలేస్తాను. ఆమె మాట్లాడకుండా కింద బకెట్ పెట్టేది.

రిపోర్టు శుభ్రంగా వచ్చింది. సీసం పరిమితిలోనే ఉంది. సంతకం నాది.

ఆ వారం అన్నం తింటుండగా అడిగింది, పంపు ఎంతసేపు వదిలారండీ అని. ఐదు నిమిషాలు అన్నాను, పేపర్లోంచి తలెత్తకుండా. నవ్వింది. “అక్కడ ఐదు నిమిషాలు నీళ్లు పారబోసే వాళ్లెవరున్నారండీ?”

జోకనుకున్నాను. నేనూ నవ్వాను.

జూన్ 12, గురువారం, ఉదయం 7.10

మూడో వీధి నుంచి ఇప్పుడే వచ్చాను. ఐదుంపావుకే వెళ్లాను. నీళ్లు ఐదున్నరకి వచ్చి ఏడుకి పోతాయి.

నాలుగో ఇంటి టైలరమ్మ గుమ్మంలోనే మిషను పెట్టుకుంది. నన్ను చూసి సిస్టరమ్మగారి ఆయన కదా అంది. నా పేరు అక్కడ అదే. కుర్చీ వేసింది. కుర్చీ మీది గుడ్డముక్కలు తీసింది, కింద పెట్టడానికి చోటు లేక మళ్లీ నా ఒళ్లోనే పెట్టింది. అలాగే కూర్చున్నాను.

పంపు గురగురలాడింది. మొదట తాగేనీళ్ల క్యాన్ పట్టింది. తర్వాత వంట గిన్నె. తర్వాత స్నానాల బకెట్లు. బట్టలవి ఆఖరున. ముందు కాసేపు వదిలేయరా అని అడిగాను. నాకేదో అయిందన్నట్టు చూసింది.

“ఎప్పుడాగిపోతాయో తెలీదు సార్. ముందు పిల్లకి తాగడానికి పట్టుకోవాలా, గుడ్డలుతుక్కోవాలా?”

నిన్న ఏడు నుంచి ఇరవై రెండున్నర గంటలు సీసపు గొట్టంలో నిలవున్న నీళ్లు. అవి పిల్లకి. గొట్టం కడుక్కుని వచ్చిన మంచి నీళ్లు బట్టలకి. మూడేళ్ల క్రితం మేము వచ్చింది ఆరున్నరకి. టీ తాగి వచ్చాం. అప్పటికే గంట పారిన పంపుని ఇంకో ఐదు నిమిషాలు వదిలాం.

పిల్లకి నాలుగేళ్లు. తెల్లగా ఉంది, కాగితంలా. నా కళ్లజోడు అడిగింది. ఇచ్చాను. పెట్టుకుని తల తిరుగుతోందంది.

ఆమె పుస్తకంలోని పద్నాలుగు ఇళ్లలో దాని వరస ఆరు.

జూన్ 14, శనివారం

సంఘం మీటింగ్. నోటు పుస్తకం బల్ల మీద పెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను.

అధ్యక్షుడు నా గురువు. ఎనభైకి దగ్గర పడ్డారు. మాట చుక్కచుక్కగా పడుతుందని మా ఆవిడ ఆయనకి బ్యూరెట్ గారని పేరు పెట్టింది. ఆ పేరు ఆయనకి తప్ప ఊరందరికీ తెలుసు. నిలవ నీళ్ల శాంపిల్ సరఫరాకి ప్రాతినిధ్యం వహించదన్నారు. పద్ధతి మనం కనిపెట్టింది కాదన్నారు. పొరపాటు జరిగిందంటే సంఘం మీద ఎవడూ నమ్మకం ఉంచడన్నారు. ఈ మూడూ చెప్పడానికి పావుగంట పట్టింది.

నేను ఒక్కటే అడిగాను. “మనం కొలవాల్సింది సరఫరా చేసే నీళ్లనా మాస్టారూ, పిల్ల తాగే నీళ్లనా?”

 ఆయనకి నేను ఎదురు ప్రశ్న వేయడం ఇదే మొదలు. నా యాభై ఎనిమిదేళ్లకి.

సభ్యుల్లో ఒకరైన మందుల షాపు ఫార్మసిస్టు ఈసారి శాంపిల్ బాటిళ్లు తనిస్తానంది. మూడో వీధి వాళ్లు ఐరన్ టానిక్ కొనేది ఆవిడ దగ్గరే. మూడేళ్లుగా కొంటున్నారు, తగ్గితే ఎందుకు కొంటారు, ఆ ఆలోచన నాకు రాలేదే అంది. గట్టిగానే అంది. తనని తను తిట్టుకున్నా గదిలో అందరికీ తగిలేలా తిడుతుంది.

జూన్ 16, సోమవారం

సాయంత్రం పద్నాలుగు ఇళ్లకీ వెళ్లి చెప్పి వచ్చాం. రేపు మేము వచ్చేదాకా పంపు ముట్టుకోవద్దని. ఒక ముసలాయన మూడేళ్ల క్రితం కూడా ఇంత హడావుడే చేశారు, చివరికి బాగున్నాయన్నారు అన్నాడు. ఈసారి బాగాలేవని చెప్పడానికే వచ్చామన్నాను. ఆయనకి నచ్చింది. నవ్వాడు.

జూన్ 17, మంగళవారం, ఉదయం

ఐదుంపావు. వీధి మొదట్లో బ్యూరెట్ గారు. ఇస్త్రీ చొక్కా, పాలిష్ బూట్లు, చేతిలో టార్చి. ఎవరూ పిలవలేదు. పద్ధతి మారిస్తే మారిన పద్ధతైనా సరిగ్గా జరగాలి కదా అన్నారు.

మొదటి చుక్క నుంచి పట్టాం. లీటరు బాటిల్ నిండే దాకా. తర్వాత అదే పంపుని ఐదు నిమిషాలు వదిలి రెండోది. సీసం బాటిల్‌కి అంటకుండా నైట్రిక్ ఆమ్లం చుక్కలు, మూత, లేబుల్. టైలరమ్మ ఇంట్లో నేను అలవాటు కొద్దీ బాటిల్ కింద పెట్టకుండానే పంపు తిప్పబోయాను. మాస్టారు నా మణికట్టు పట్టుకున్నారు.

“చెయ్యి జాగ్రత్త,” అన్నారు. అంతే.

ఒక్క చుక్క పోలేదు.

పోల్చి చూడటానికి మా ఇంటి నుంచి కూడా ఒకటి పట్టాను. మా పైరోడ్డులో తొమ్మిదేళ్ల క్రితమే ప్లాస్టిక్ గొట్టాలు వేశారు. మేము అర్జీ పెట్టుకున్నాం. మాకు లెటర్‌హెడ్ ఉంది.

జూన్ 20, శుక్రవారం

కాలేజీ పరికరం మీద రెండుసార్లు చేశాను. పరిమితి లీటరుకి పది మైక్రోగ్రాములు.

పద్నాలుగు ఇళ్లలో పన్నెండు ఇళ్లు ఆ పరిమితి దాటాయి. ఎక్కువలో ఎక్కువ అరవై నాలుగు. టైలరమ్మది నలభై ఏడు. ఐదు నిమిషాలు వదిలాక అదే పంపులో మూడు.

మా ఇంటిది ఒకటి కన్నా తక్కువ.

ఆమె గళ్ల పక్కన ఇంకో గడి గీశాను. స్కేలుతో. అంకెలు ఎక్కించాను. పరికరం లేకుండానే పద్నాలుగింట పన్నెండు సరిగ్గా పట్టుకుంది. మిగతా రెండూ ఎనిమిది, తొమ్మిది.

జూన్ 21, శనివారం

వీధిలో చెప్పాను. వరస తిప్పమన్నాను. మొదటి రెండు బకెట్లు బట్టలకి, మూడోది తాగడానికి. మధ్యలో ఆగిపోతే అని టైలరమ్మ అడిగింది. ముందురోజు నీళ్ల క్యాన్ ఒకటి ఎప్పుడూ నిండుగా ఉంచుకోమన్నాను. క్లినిక్‌లో కొత్త నర్సు పిల్లలందరికీ రక్తపరీక్ష రాయించింది. సిస్టరమ్మ మాకు ట్రైనింగ్ ఇచ్చారండీ అంది. నాకూ ఇచ్చింది. నేనే క్లాసులో లేను.

జూన్ 23, సోమవారం

పట్టణ కార్యాలయం. ఈ ఏడు గొట్టాలు మార్చే వీధుల జాబితా ముప్పైయో తేదీన ఖాయం చేస్తారు. మూడో వీధి అందులో లేదు. ఎందుకు లేదంటే మా పాత రిపోర్టు ఉంది కనుక. ఇంజనీరు ఫైలు తీసి నా సంతకమే నాకు చూపించాడు.

మర్యాదస్తుడే. కాఫీ తెప్పించాడు. తర్వాత అడిగాడు. “మీరే బాగుందన్నారు, మీరే బాగాలేదంటున్నారు. ఏ సంతకాన్ని నమ్మమంటారు సార్?”

“రెండూ నావే. రెండోది నమ్మండి. అది టీ తాగకముందు చేసింది.”

మొదటిది తప్పని సంఘం రాసిస్తే తప్ప ఫైలు కదలదన్నాడు. సంఘం అంటే అధ్యక్షుడి సంతకం. అది లేకపోతే వచ్చే ఏడాది చూద్దామన్నాడు.

వచ్చే ఏడాదికి ఆ పిల్లకి ఐదు. ఇంకో మూడువందల అరవై ఐదు పొద్దుటిపూటలు. బకెట్ల వరస ఎన్నాళ్లు గుర్తుంటుంది?

జూన్ 26, గురువారం

అత్యవసర మీటింగ్. ఉత్తరం రాసుకెళ్లాను. నాలుగు వాక్యాలు. మొదటిది: “మూడేళ్ల క్రితం మేమిచ్చిన నివేదిక తప్పు.”

ఇద్దరు సభ్యులు “తప్పు” తీసేసి “అసంపూర్ణం” అని పెడదామన్నారు. ఒకరు “నాటి ప్రమాణాల ప్రకారం” అని చేర్చమన్నారు. చర్చ గంట నడిచింది. ఎవరూ చెడ్డవాళ్లు కారు. అందరికీ ఊతగా ఒక మాట కావాలి, పడకుండా పట్టుకోవడానికి.

నేను నోటు పుస్తకం తెరిచి చివరి పేజీ చదివాను. ఆమె నన్ను అడిగిందని, నేను పేపరు చదువుతున్నానని చెప్పాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మరదలికి కూడా.

 ఫార్మసిస్టు కిటికీ వైపు చూసింది.

మాస్టారు ఉత్తరం దగ్గరికి లాక్కున్నారు. కలం మూత తీయడానికే చాలాసేపు పట్టింది. “నేర్పింది నేను. ముందు నాది,” అన్నారు. సంతకం చేసి, తలెత్తకుండా, మీ ఆవిడ నాకేదో పేరు పెట్టిందట కదా, ఏమిటది అన్నారు.

చెప్పాను.

ఆయన నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి. చుక్కచుక్కగా కాదు.

జూన్ 30, సోమవారం

జాబితాలో ఉంది. మూడో వీధి, వరస సంఖ్య తొమ్మిది.

జూలై 18, శుక్రవారం

పిల్లల రక్తపరీక్షలు వచ్చాయి. పదకొండు మందిలో సీసం ఎక్కువే. టైలరమ్మ పిల్లలోనూ. కొంత దిగుతుందట, కొంత దిగదట. డాక్టరు దాచలేదు. నేనూ దాచలేదు.

టైలరమ్మ కత్తెర కింద పెట్టింది. మిషను మీద చేయి పెట్టి కూర్చుంది. మూడేళ్ల కిందటి ఆ కాగితం మీద సంతకం మీదేనా సార్ అంది. నాదేనన్నాను. మళ్లీ మిషను తొక్కింది. కాసేపటికి కుర్చీ వేసింది.

ఆగస్టు 24, ఆదివారం

అల్మరా రెండో అర. మరదలు వచ్చి కూర్చుంది. బేరమాడకుండా చీరలు మడతపెట్టింది. ఆశ్చర్యం.

సెప్టెంబర్ 13, శనివారం

వీధి మొత్తం తవ్వి పోశారు. పాత గొట్టం ముక్క ఒకటి అడిగి తెచ్చాను. బరువు. గోటితో గీస్తే వెండిలా మెరుస్తోంది. మీటింగ్‌లో చేతులు మారింది. మాస్టారు మా పద్ధతి కాగితంలో మొదటి వాక్యం మార్చి రాశారు: శాంపిల్ పట్టే ముందు, ఆ ఇంట్లో మొదటి నీళ్లు ఎవరు తాగుతారో అడగవలెను. గ్రాంథికం వదలరు. వదలమని నేనూ అనలేదు.

సెప్టెంబర్ 30, మంగళవారం

కొత్త గొట్టాల మొదటి నీళ్లు. పద్నాలుగు ఇళ్లు. అన్నీ రెండు లోపే.

టైలరమ్మ పిల్ల అత్తా అంటోందట. ఫార్మసిస్టుని.

అక్టోబర్ 11, శనివారం, ఉదయం 5.34

ఇవాళ్టికి ఏడాది. మూడో వీధి, నాలుగో ఇల్లు. పంపు గురగురలాడింది. టైలరమ్మ మొదటి నీళ్లు గ్లాసులో పట్టి నాకిచ్చింది. మొత్తం తాగాను.

నువ్వడిగావు, పంపు ఎంతసేపు వదిలారని. సున్నా నిమిషాలు.