ఎల్లక్కకు ఒక పలక

చిరంజీవి మనుమరాలు సౌందర్యకు అవ్వ దీవించి రాసేది. ఇక్కడ ఒక్క ఆవు తప్ప అందరం బాగున్నం. మానుకోట హాస్టల్ల నువ్వు కడుపునిండ తింటున్నవనుకుంట.

పోయిన ఉత్తరంల "పగపట్టేది పాము, నువ్వు కాదు అవ్వా. పక్కింటి ఎల్లక్కను ఇంక మరిచిపో" అని రాసినవ్. తప్పు. పాముకు అంత జ్ఞాపకం ఉండదు. ముప్పై ఏండ్లు బడిల హాజరు పిలిచినదాన్ని, నాకుంటది.

మోకాలు ఎట్లుందని అడిగినవ్. పొద్దున నాకంటే ముందు అదే లేచి మూలుగుతది. మనం ఎల్లక్కకు అమ్మిన గంగి ఆవు ఎట్లుందని అడిగినవ్. చెప్త, ఆగు. ఫోన్ల చెప్తే నడుమల అడ్డం పడుతవనే ఉత్తరం రాస్తున్న.

ఆవును పిండేముందు ఒక్కో చన్ను నుంచి రెండు ధారలు నా పాత నల్లపలక మీద పిండి చూస్తనని నీకు తెలుసు. పాలల్ల తెల్లటి తునకలు కనబడితే పొదుగువాపు మొదలైనట్టు. "టీచరమ్మ ఆవుకు ఓనమాలు దిద్దిస్తున్నది" అని ఎల్లక్క నవ్వేది. నవ్వనియ్ అనుకున్న. కాని ఎండకాలంల పాలకేంద్రం కాడ, అందరి ముందట, "టీచరమ్మ పాలల్ల పాలెక్కడివి, అన్ని నీళ్లే" అన్నది. కేంద్రం నడిపే యాకయ్య పదకొండు రోజులు నా పాలు తీసుకోలే. వరుసల నిలబడ్డోళ్లల్ల సగంమంది నా దగ్గర అక్షరాలు నేర్చినోళ్లే. ఒక్క నోరు లేవలే. ఆ పదకొండు రోజులు వాడంత మన పెరుగే తిన్నది, ఎల్లక్కతో సహా.

మొన్న శుక్రవారం నా దినం వచ్చింది. యాకయ్య క్యానుల పాలు కొన్ని కాగబెట్టి చూస్తే విరిగినయ్. ఊరి పాలన్ని మోరీల పోసిన్రు, నావి కూడ. ఎవరి పాలతోటి చెడినయని వెతికితే ఎల్లక్క గిన్నె అడుగున తునకలు బయటపడ్డయ్. ఆమె తలకాయ వంచుకుంటే నా పాలు పోయిన సంగతే యాదికి రాలే. ఆదివారం చర్చిల పాస్టరు క్షమించుడు గురించి వాక్యం చెప్పిండు. నేను ఆ వంచిన తలకాయనే మల్ల మల్ల తలుచుకున్న.

ఇప్పుడు అసలు సంగతి. శుక్రవారానికి నాలుగు రోజుల ముందు ఎల్లక్క కంచె కాడికొచ్చింది. "టీచరమ్మా, గంగి చన్ను ముట్టనిస్తలేదు, తంతున్నది. జర చూస్తవా?" అన్నది. గంగి వెనుక కాలు ఎడంగ పెట్టి నిలబడ్డది. చూడంగనే తెలిసింది నాకు.

"ఈగలు. పొగ వెయ్యి" అన్న.

పుట్టిన గంటల నువ్వు ముర్రుపాలు తాపిన దూడ బిడ్డా అది. పశువుల డాక్టరొచ్చి సూదులేసిండు. మూడు చన్నులు దక్కినయ్, నాలుగోది ఇంక పాలియ్యదన్నడు. మొదటి రోజే మందు పడితే దక్కేదట. నిన్న కంచె కాడికి పోతే నన్ను చూసి మెడ చాపింది. పగ ఎల్లక్క మీద, పోయిన చన్ను గంగిది. ఒకటో తరగతి పిల్లలు కూడ గింత తప్పు లెక్క చెయ్యరు.

అట్లని ఎల్లక్కను క్షమించిననుకోకు. వచ్చే సోమవారం పొద్దున అదే పాలకేంద్రం కాడ, అదే వరుసల నిలబడి, తెలిసి కూడ ఈగలని అబద్ధం చెప్పినని ఒప్పుకుంట. తిడితే వింట. తిట్టుడు అయిపోయినంక, "నా పాలల్ల నీళ్లు నువ్వెప్పుడు చూసినవ్ ఎల్లక్కా?" అని అడుగుత. అప్పుడు ఆమె ఎటు తప్పించుకుంటదో చూస్త.

శనివారం వచ్చేటప్పుడు స్టేషన్ దగ్గరి పుస్తకాల దుకాణంల ఒక పలక తే. రాతిది, నల్లది. ప్లాస్టిక్‌ది అంటగడుతరు, తీసుకోకు. నాకు కాదు, నాది ఇంక పదేండ్లు నడుస్తది. ఎల్లక్కకు.

ఇట్లు,
మీ అవ్వ మార్తమ్మ